ఆరోగ్య విషయములు: తుంటికీలు, శస్త్రవైద్యుడు



అశోకనగరమున బసచేసి, ఉద్యోగ పరీక్షలకై చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ఉదయము మొదలు రాత్రివఱకు చదువుకొను యువతులు పెక్కండ్రు కలరు. నారాయణగూడ యిండ్లలో పీటపై కూర్చుండి పనులు చక్కబెట్టుకొను గృహిణులును కలరు. వీరిలో కొందఱికి కూర్చుండి లేచునపుడు గజ్జలో కలుక్కుమను నొప్పి పుట్టును. చెప్పుకొనుటకు సిగ్గుపడి నెలల తరబడి ఓర్చుకొందురు. ఈ యోర్పు మంచిది కాదు.

పిఱుదునుండి కాలిలోనికి దిగు నొప్పి తఱచు నడుమునుండి వచ్చును. గజ్జలోని నొప్పి తుంటికీలుది కావచ్చును. తొడయెముక గుండు, కటియెముకలోని గిన్నెలో తిరుగును. గిన్నె యంచున లాబ్రమ్ అను మెత్తని పట్టీ యుండును. గుండు ప్రక్కన ఎముక బొడిపెకట్టినను, గిన్నె యంచు మితిమీఱి పెరిగినను, కాలు ముడిచినపుడెల్ల ఆ పట్టీ నలిగి చిరుగును. ఈ యొఱపిడియే క్రమముగా కీలు అరుగుదలకు దారితీయునని స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆతని సహచరులు 2003లో వివరించిరి.

దీనికి చేయు చికిత్సలలో ఆర్త్రోస్కోపీ యొకటి. తుంటికీలు మిగుల లోతైనది. 1931లో న్యూయార్కు వైద్యుడు మైకేల్ బర్మన్ శవముల కీళ్లను పరీక్షించి, గుండునకును గిన్నెకును నడుమ సూది దూర్చుట అసాధ్యమనియెను. నేడు మత్తిచ్చి, ప్రత్యేకమైన బల్లపై కాలిని లాగి, ఎక్స్‌రే చూచుచు, సుమారు ఒక సెంటీమీటరు సందు కల్పింతురు. రెండు మూడు చిన్న గాట్లగుండ కెమెరాను, పనిముట్లను పంపి, చిరుగును కుట్టి, బొడిపెను చెక్కుదురు. పిమ్మట కొన్ని వారములు చంకకఱ్ఱలు, కొన్ని నెలలు వ్యాయామము తప్పవు. కాలిని లాగుటవలన కొందఱికి కొన్నాళ్లు తిమ్మిరి కలుగును.

కావున మోకాలికి చేయు నేర్పు తుంటికి చాలదు. వైద్యుని ఈ ప్రశ్నలడుగవలయును: ఏటా ఎన్ని తుంటికీళ్లకు ఈ చికిత్స చేయుచున్నారు? మా గిన్నె లోతు తక్కువగా నున్నదా? మృదులాస్థి ఎంత మిగిలినది? గిన్నె లోతు తక్కువగుట స్త్రీలలో నెక్కువ. అట్టివారికి ఈ చికిత్స యొక్కటే చేసిన కీలు పట్టు సడలవచ్చును. మృదులాస్థి బాగుగ అరిగినవారికి దీనివలన ప్రయోజనము స్వల్పము.

వ్యాయామచికిత్సను ముందుగ ప్రయత్నించితిమా యని మనలను మనమును ప్రశ్నించుకొనవలెను. 2018లో ప్రకటితమైన బ్రిటిషు పరిశోధనలో వ్యాయామముచే బాగుపడిన వారును కలరు; శస్త్రచికిత్స పొందినవారికి మేలు కొంత యెక్కువగ కనబడెను.

రెండవ యభిప్రాయమునకు దూరము పోనక్కఱలేదు. ముషీరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఎముకల విభాగము కలదు. పంజగుట్ట నిమ్సు 1964లో ఎముకల ఆసుపత్రిగానే ఆరంభమైనది.

పట్టుచీరకు పది యంగళ్లు తిరుగు మనము, జీవితాంతము మోయవలసిన కీలునకై ఇద్దఱు వైద్యులనైన చూడకుండుట తగునా? ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని పొండు. విసుగుకొనక బదులు చెప్పు వైద్యునే నమ్ముడు.