బొటనవేలి రాత

సిగ్గు ఎక్కడుంటుందని అడిగితే మన భాష మెడ వైపు చూపిస్తుంది. "తలవంపులు తెచ్చాడు" అంటాం. గర్వం కలిగినవాడు తలెత్తుకు తిరుగుతాడు, రొమ్ము విరుచుకుంటాడు. చిన్నబోయేది మొహం. ఇవన్నీ ఉత్త మాటలు కావు, కొలవదగినవేనని ఇప్పుడు శాస్త్రజ్ఞులు కెమెరాలు పెట్టి మరీ చెబుతున్నారు.

పెద్దవాళ్ళనైతే నోటితో అడగవచ్చు. మూడేళ్ళవాణ్ణి పట్టుకుని "బాబూ, నీకు కలిగింది సిగ్గా, భయమా?" అంటే ఏం చెబుతాడు? చొక్కా అంచు నోట్లో పెట్టుకుంటాడు. అంచేత వాడి ఒంటినే అడగాలి.

భయమూ, కోపమూ చంటిపిల్లలకూ ఉంటాయి. సిగ్గుకు మాత్రం ముందు "నేను" అనేది తెలియాలి. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆవిడ పిల్లల ముక్కు మీద ఎర్రచుక్క పెట్టి అద్దం చూపించింది. ఏడాది పాపకు అద్దంలో ఉన్నది మరో పాప. రెండేళ్ళు దగ్గరపడుతూంటే చెయ్యి తన ముక్కు మీదికే పోతుంది. కొందరు తమను తాము చూసుకుని మొహం చాటేసుకున్నారు కూడా. రోజూ కాటుకచుక్క పెట్టి అద్దం చూపే తల్లులకు ఇది కొత్తేమీ కాదనుకోండి.

మైకేల్ లూయిస్, ఆయన సహచరులు 1992లో ప్రకటించిన పరిశీలన నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. మూడేళ్ళ పిల్లలకు కొన్ని తేలిక పనులు, కొన్ని కష్టమైనవి ఇచ్చారు. భుజాలు జారడం, పెదవి కొసలు వాలడం, చూపు దిగిపోవడం సిగ్గు కింద లెక్క. నిటారుగా నిలబడి ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తే గర్వం. కష్టమైనది చెయ్యలేకపోయినప్పుడు కంటే తేలికైనది తప్పినప్పుడే పిల్లలు ఎక్కువ కుంగిపోయారు! "ఇంత సులువైనది రాదా?" అని మనం ధైర్యం చెప్పబోతామే, ఆ మాటే ముల్లన్నమాట. అదే లూయిస్, రామ్సే అనే ఆయనతో కలిసి 2002లో నాలుగేళ్ళ పిల్లల ఉమ్మి పరీక్షించాడు. ఓడిపోయి సిగ్గుపడ్డ పిల్లల్లో కార్టిసాల్ ఎక్కువగా ఉంది. మనసు నలిగినప్పుడు ఒంట్లో ఊరే పదార్థం అది. మనకు ముద్దుగా కనిపించే సిగ్గులో ఇంత కథ ఉంది.

బుగ్గ వేడిని, అందులోని నెత్తురు పోటును కొలిచిన వాళ్ళూ ఉన్నారు. పిల్లల చేత నలుగురి ముందూ పాట పాడించి, తరవాత ఆ బొమ్మనే వాళ్ళకు చూపించారు. మన తాడిపత్రి ఎండల్లో బుగ్గ సిగ్గుకు కాలిందో, వైశాఖానికి కాలిందో ఎవరు తేలుస్తారు? పైగా చామనచాయ బుగ్గ మీద ఎరుపు కంటికి ఆనదు. లోపల నెత్తురు మాత్రం అందరికీ ఒకలాగే పరుగెత్తుతుంది. మనకు భుజాల లెక్కే మేలు.

ఆ లెక్క హెపాక్, వైష్, టొమసెల్లో 2017లో వేశారు. లోతు కొలిచే కెమెరా ముందు రెండేళ్ళ పిల్లలను నడిపించారు. తమ పని నెరవేరినప్పుడు పిల్లల ఒళ్ళు ఎంత పైకి లేచిందో, ఇంకొకరికి సాయం చేసినప్పుడూ ఇంచుమించు అంతే లేచింది.

భరతుడి నాట్యశాస్త్రంలో ముప్పైమూడు సంచారి భావాల్లో వ్రీడ ఒకటి. తల వంచడం, బట్ట తడుముకోవడం, గోళ్ళు కొరకడం, నేల మీద గీతలు గీయడం దాని గుర్తులట. ఆ గీతలను మొన్న మా పక్కింట్లో చూశాను. చుట్టాలొచ్చారు. నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పద్యం చెప్పమన్నారు. రెండో పాదం దగ్గర ఆగిపోయాడు.

"ఇంత చిన్న పద్యం రాదేమిరా? సిగ్గు సిగ్గు!" అన్నాడు వాళ్ళ మామ. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. కాని బొటనవేలు మాత్రం నున్నటి నల్లబండ మీద గీస్తూనే ఉంది.

వాళ్ళ అవ్వ లోపలినుంచి పిలిచింది. "రేయ్ నాయనా, మామకు దప్పికైతాంది. ఈ గలాసు ఎత్తకపో."

రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చాడు. భుజాలు వెనక్కి, గడ్డం పైకి. కెమెరా అక్కర్లేకుండానే కనిపించింది.

మామ గ్లాసు అందుకుని, "ఇప్పుడు చెప్పు పద్యం" అన్నాడు.

"నువ్వు ముందు నీళ్ళు తాగు నాయనా," అంది అవ్వ. "పద్యం యాడికీ పోదు."