దుఃఖానికి గోత్రం లేదు

పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటి మైల మూడు రోజులేనట. మా ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే లెక్క అది. శాస్త్రంతో నాకు పేచీ లేదు. గోత్రం మారింది కాబట్టి మైల తగ్గిందంటే సరేనంటాను. కానీ అదే లెక్క దుఃఖానికి కూడా కట్టి, "ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు?" అని అడిగేవాళ్లతోనే నా పోట్లాట.

నా తమ్ముడు పోయి రెండేళ్లు దాటింది. రోడ్డు ప్రమాదం. వాడికి 38 ఏళ్లు. వచ్చినవాళ్లంతా మా మరదలిని ఓదార్చారు, అమ్మను ఓదార్చారు. అది న్యాయమే. నా దగ్గరకొచ్చి మాత్రం "నువ్వు ధైర్యంగా ఉండాలి, మీ అమ్మను చూసుకోవాల్సింది నువ్వే" అన్నారు. భర్త పోయినదానికి ఒక పేరుంది, తల్లిదండ్రులు పోయిన పిల్లలకు ఒక పేరుంది. తోబుట్టువు పోయినదానికి మన భాషలో పేరే లేదు. పన్నెండో రోజు భోజనాలయ్యాక మా ఇంటికి వచ్చేశాను. మర్నాటి నుంచి కాఫీలు, టిఫిన్లు, క్యారియర్లు మామూలే.

నెలలు గడుస్తున్నా నిద్ర లేదు. వీధిలో బండి ఆగితే వాడేనేమో అనిపించేది. ఎనిమిదో నెలలో కార్తీకం వచ్చింది. భగినీ హస్త భోజనం రోజు ఎసరు పెట్టి, బియ్యం కడగలేక వంటింట్లోనే కూలబడ్డాను. ఆ రోజే కౌన్సెలింగ్‌కు వెళతానని ఇంట్లో చెప్పాను.

ఏమన్నారో మీరు ఊహించగలరు. "నీకేమైనా పిచ్చా?" అన్నారు. "ఎర్రగడ్డ కేసనుకుంటారు" అన్నారు. "ఇంటి గుట్టు పరాయివాళ్లకు చెబుతావా?" అన్నారు. "డబ్బులిచ్చి ఏడవడమేమిటి, మన పెద్దవాళ్లకు ఉన్నాయా ఇవన్నీ?" అన్నారు.

పెద్దవాళ్ల మాటే ముందు తీసుకుందాం. వాళ్లకు ఉన్నాయండీ! ఊళ్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చుని, పోయినవాళ్ల గుణాలు, పేరు, ముచ్చట్లు చెప్పుకుంటూ రాగాలు తీసి ఏడ్చేవారు. నెలల తరబడి ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునేవారు. చెరువు నిండితే నీళ్లు పోవడానికి అలుగు ఉన్నట్టు, దుఃఖానికీ ఒక దారి ఉండేది. ఇప్పుడు అపార్ట్‌మెంటులో గట్టిగా ఏడిస్తే పక్క ఫ్లాటు వాళ్లు ఏమనుకుంటారో అని తలుపు వేస్తాం. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టేస్తే పరామర్శ అయిపోతుంది. అలుగు మూసేసి, కట్ట తెగితే మాత్రం ఆడదానికి ధైర్యం లేదంటే ఎలా?

నేను బి.ఏ. తెలుగు చదువుకున్నాను. వాల్మీకి శోకమే శ్లోకమైందని మాకు పాఠం చెప్పారు. భార్య పోతే విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ బాధతో 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. శ్రీశ్రీ తన 'మహాప్రస్థానం' చనిపోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకే అంకితమిచ్చారు. మగవాళ్ల శోకాన్ని కావ్యమని నెత్తిన పెట్టుకున్నాం, మంచిదే. ఇంటి ఇల్లాలు అదే శోకంతో ఒక గంట ఎవరి ముందైనా కూర్చుంటానంటే పిచ్చెలా అవుతుంది?

ఇక ఎర్రగడ్డ మాట. ఆసుపత్రి ఉన్న పేటను తిట్టుగా మార్చుకోవడం మన తప్పు, రోగులది కాదు. పైగా కౌన్సెలర్ మందులు రాయదు. అవి రాసేది సైకియాట్రిస్టు. ఏడ్చే ప్రతివారికీ కౌన్సెలింగ్ కావాలని నేను అనను. పక్కన మనుషులుంటే చాలామంది మెల్లగా తేరుకుంటారు. కానీ ఆరు నెలలు దాటినా దుఃఖం తగ్గక, రోజువారీ పనులే సాగనివ్వకపోతే దానికి సాయం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే గుర్తించింది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన వాళ్ల జబ్బుల జాబితాలో అది ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆరు నెలలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకూడదు.

గుట్టు సంగతంటారా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. మన చుట్టాల్లో ఎవరికి చెప్పినా ఇంత భరోసా ఉంటుందా? పైగా ఆవిడ మా అత్తగారి గురించి అడగలేదు. "మీ తమ్ముడి పేరేమిటి? ఎలా ఉండేవాడు?" అని అడిగింది. నాకు బాధ అని ఇంట్లో అందరూ ఆ పేరు ఎత్తడమే మానేశారు. నెలల తర్వాత నా నోటితో ఆ పేరు పలికాను. వాడితో చెప్పకుండా మిగిలిపోయినవన్నీ ఉత్తరం రాయమంది. చూడలేక దాచేసిన ఫొటోలు రోజుకొకటి తీసి చూడమంది. మర్చిపొమ్మని ఒక్కసారి కూడా అనలేదు. దుఃఖం పోలేదు. దానితో పాటు నిద్రపోవడం, అన్నం తినడం వచ్చింది. మొన్న కార్తీకంలో వాడి కొడుకును పిలిచి నా చేత్తో వడ్డించాను.

డబ్బు మాటకొస్తే, మోకాలు నొప్పికి ఎక్స్‌రే తీయిస్తాం, పంటికి వేలు పోస్తాం. మనసు దగ్గరే పొదుపు గుర్తొస్తుంది. నిజంగా లేనివాళ్లకు 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే రాసి పెట్టుకోండి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో తమ్ముణ్ణో, అక్కనో, ప్రాణస్నేహితురాలినో పోగొట్టుకుని మామూలుగా వంట చేసుకుంటున్న మనిషి ఉండే ఉంటుంది. ధైర్యం చెప్పకండి, అది ఆమెకు ఇప్పటికే ఎక్కువైంది. పోయినవాళ్ల పేరు పెట్టి ఒక్క మాట అడగండి. అది చాలక ఆమె డాక్టరు దగ్గరకో, కౌన్సెలర్ దగ్గరకో వెళతానంటే, "ఎందుకు?" అనకండి. ఆ గంటసేపు ఆమె పిల్లల్ని మీ ఇంట్లో కూర్చోబెట్టుకోండి.