భవిష్యవాణి సాక్ష్యమగునా?

2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి ప్రబలినపుడు, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు కాలజ్ఞానమున దానిని ముందే చెప్పియున్నారను మాట తెలుగునాట నెల్లెడల వ్యాపించెను. అందు పేర్కొనబడిన కోరంకి యను వ్యాధియే కరోనా యని పలువురు నమ్మిరి. ఇందిరాగాంధీ పరిపాలనమును గూర్చియు, 1983లో నటుడైన నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రి యగుటను గూర్చియు మున్ను ఇట్లే చెప్పుకొనిరి. నెరవేరిన జోస్యము మతసత్యమునకు సాక్ష్యమగునా?

కావచ్చును. కాని ఏ సాక్షికైనను అడ్డుప్రశ్నలు తప్పవు గదా! వాక్యము సంఘటనకు పూర్వమే వ్రాయబడినదని రుజువు కావలెను. దాని యర్థమును పూర్వమే స్పష్టముగ నుండవలెను. 2019లో ఆ పద్యమును జదివి, రాబోవు ఏడు జాగ్రత్తపడుడని హెచ్చరించినవారిని మే మెఱుగము.

మన పురాణములనే చూడుడు. మత్స్య, వాయు, విష్ణుపురాణములలో నందులు, మౌర్యులు, శుంగులు, కాణ్వులు, ఆంధ్రులు అందఱును ఇకముందు రాబోవు రాజులుగనే వర్ణింపబడిరి. కాణ్వులు నలువురు 45 ఏండ్లు ఏలుదురట. పిదప ఆంధ్రులు వత్తురట. మత్స్యపురాణము మన శాతవాహనుల పేర్లను, వారేలిన యేండ్లను వరుసగా నిచ్చుచున్నది. అందు పెక్కు పేర్లు శాసనములందును, నాణెములమీదను దొరకినవి. జోస్యము ఇంతకంటె చక్కగ ఫలించుట యెట్లు? అయినను గుప్తులు ప్రయాగ, సాకేత, మగధల నేలుదురని చెప్పి, వారికాలపు రాజులను కొందఱిని పేర్కొనినంతనే పట్టిక ఆగిపోవుచున్నది. హర్షుడు లేడు, చాళుక్యులు లేరు, కాకతీయులు లేరు. అటుపై కలియుగ దుర్దశా వర్ణనమే. గుప్తుల కాలమువారు తాము వినినదానిని, కనినదానిని పూర్వమునుల నోట పలికించిరని స్పష్టము. ఇది మోసము గాదు, పురాణరచనా సంప్రదాయము. ఆంధ్రచరిత్రకారులకు ఆ పట్టిక పెన్నిధి. జోస్యమునకు మాత్రము సాక్ష్యము గాదు. క్రైస్తవుల దానియేలు గ్రంథమును గూర్చి మూడవ శతాబ్దిలోనే పోర్ఫిరి యను తత్త్వవేత్త ఇట్టి యుక్తినే చెప్పెను.

దూదేకుల సిద్దయ్యను శిష్యునిగా జేర్చుకొనిన బ్రహ్మముగారి గొప్పతనమునకు కరోనా సాక్ష్య మక్కఱలేదు. అయినను పట్టుదలగల భక్తులకు మాదొక మనవి. కాలజ్ఞానపు అచ్చుప్రతులను పాత తాళపత్రములతో సరిపోల్చి, ఏ పద్యము ఏనాటి ప్రతిలో గలదో ప్రకటింపుడు. కోరంకి పద్యముతోనే మొదలిడవచ్చును.