శొంఠి ముక్క కాదు... రంగుల గొడుగు!

కొరియర్ కవరు విప్పి పళ్లెంలో ఒంపాను. పది ముక్కలు. నల్లగా, ముడతలు పడి, వేలి కొసంత ఉన్నాయి. నాన్న కళ్లజోడు సవరించుకుని ఒకటి తీసి వాసన చూశారు.

''ఏమ్మా, పది శొంఠి ముక్కలకి ఇంత డబ్బు పోశావా?''

శొంఠి కాదు నాన్నా, పూల దుంపలు అని ప్యాకెట్ మీది బొమ్మ చూపించాను. ఎర్రటి పువ్వు, మధ్యలో కాటుక బొట్టులా నల్లటి గుండ్రం. అచ్చం గసగసాల పువ్వే! అందుకే దీన్ని పాపీ ఎనిమోన్ అంటారు. బొమ్మలో పువ్వు ప్యాకెట్ అంతా నిండిపోయి ఉండేసరికి, నాన్న దాన్ని డాలియా అంత మొక్కగా ఊహించుకున్నారు. బాల్కనీలో ఉన్న పెద్ద డ్రమ్ము ఖాళీ చేయించారు కూడా.

నిజానికి ఈ మొక్క అంత పెరగదు. పూర్తిగా ఎదిగినా మామూలుగా ఎనిమిది అంగుళాల నుంచి అడుగూ అడుగుంబావు ఎత్తు... అంటే 20 నుంచి 40 సెంటీమీటర్లు. పక్కలకు విస్తరించేది జానెడు. గులాబీలా ఏటేటా గుబురెక్కదు, మందారంలా గోడ దాటదు. ఆకులు నేలకు దగ్గరగా గుత్తిలా ఉంటాయి. వాటి మధ్య నుంచి సన్నటి కాడలు లేస్తాయి. కాడకు ఒక్కటే పువ్వు. ఈ పొట్టి మొక్కకు ఆ పువ్వు మాత్రం మూడు అంగుళాల వెడల్పు దాకా వస్తుంది. తోట రకాల్లో కొన్ని అరచేతిని కప్పేస్తాయి.

కొనేటప్పుడు చూడాల్సింది మొక్క ఎత్తు కాదు, దుంప చుట్టుకొలత. 4-5, 5-6, 7-8 సెంటీమీటర్లు అని వీటిని వర్గాలుగా విడదీసి అమ్ముతారు. దుంప పెద్దదైతే కాడలు ఎక్కువ, పూలూ ఎక్కువే. చౌకగా వచ్చాయి కదా అని చిన్నవి తెచ్చుకుంటే మూడు నాలుగు పూలతో సరిపెట్టుకోవాలి. (నేను తెచ్చినవి చిన్నవే. పళ్లెంలో పోశాక తెలిసింది.)

మొదటి ఏడాది ఒక్క పువ్వు కూడా చూడలేదు. తప్పు నాదే. దుంపల్ని రాత్రంతా నీళ్లలో ఉంచేశాను. వర్షాలు ఇంకా పూర్తిగా పోకముందే పాతేశాను. ఆపైన పొద్దునోసారి నేను, నేను పోయలేదేమోనని సాయంత్రం ఇంకోసారి నాన్న... నీళ్లే నీళ్లు. మూడు వారాల తర్వాత తవ్వి చూస్తే మెత్తటి బురద చేతికంటింది.

ఈ మొక్క పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే అలా చేసి ఉండేదాన్ని కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు దాని సొంతిల్లు. అక్కడ వాన పడేది చలికాలంలో. వేసవి పొడిగా మండిపోతుంది. అందుకే దాని బతుకంతా మనకు తలకిందులు. శరదృతువులో తొలి వాన పడగానే దుంప మేలుకుంటుంది, చలిలో ఆకులు వేస్తుంది, చలి తగ్గేలోపు పూలు పూసేస్తుంది. ఎండలు ముదిరేసరికి పైన కనిపించేదంతా ఎండిపోయి, దుంప మళ్లీ నిద్రపోతుంది. ఏడాదిలో సగం రోజులు అది మట్టి కింద ఎండు ముక్కే! ఆ నిద్రలో నీళ్లు పోశామా... కుళ్లిపోతుంది.

ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ ఎడారి ఉత్తరపు అంచున జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ పూలు నేలమీద తివాచీ పరిచినట్టు పూస్తాయి. అక్కడ పూసేవి ఎరుపే. వానలు బాగా పడే ఉత్తరాన గలిలీ కొండల్లో మాత్రం తెలుపు, ఊదా, గులాబీ రంగులు కూడా కనిపిస్తాయి. ఎర్రటి గిన్నెలాంటి ఈ పువ్వు దగ్గరికి పుప్పొడి కోసం అక్కడి పెంకుపురుగులు వస్తాయి. ఒకప్పుడు జనం వీటిని చేతులనిండా కోసుకుపోయేవాళ్లు. పువ్వు కోస్తే గింజ ఉండదు. అడవిలో గింజ మొలిచి, దుంప కట్టి, పూసేదాకా రావాలంటే రెండు మూడేళ్లు పట్టొచ్చు. అలా పొలాలు బోసిపోతుంటే 1960ల్లో అడవి పూలు కోయకూడదని ఆ దేశం చట్టం చేసింది. బళ్లలో, గోడల మీద పోస్టర్లతో పెద్ద ప్రచారమూ జరిగింది. పిల్లలే పెద్దవాళ్లను ఆపేవారట! పూలు మళ్లీ నిండాయి. 2013లో ఇది ఇజ్రాయెల్ జాతీయ పుష్పమైంది. సరిహద్దుకు అటువైపు పాలస్తీనీయులకూ ఇది ఎంతో ఇష్టమైన పువ్వు. అరబ్బీలో షకాయిక్ అన్‌నుమాన్ అంటారు.

గింజ అన్నాను కదా... ఎనిమోన్ గింజల చుట్టూ దూదిలాంటి నూగు ఉంటుంది. గాలికి ఎగరడానికి ఆ ఏర్పాటు. గ్రీకు భాషలో 'ఎనిమోస్' అంటే గాలి. ఈ నూగు మీద యూరప్ తోటమాలులు చెప్పుకునే కథ ఒకటుంది. పారిస్‌లో ఒక పూల వ్యాపారి మేలైన ఎనిమోన్లు పెంచి, ఏళ్ల తరబడి ఎవరికీ గింజ ఇవ్వలేదట. ఓ పెద్దమనిషి తన పొడవాటి అంగీతో తోట చూడ్డానికి వచ్చి, ముదిరిన పూల పక్కగా నడిచాడు. నూగు గింజలు బట్టకు అంటుకున్నాయి. ఇంటికెళ్లి దులుపుకున్నాడు. నిజమెంతో కానీ, ఆ గింజల్ని ఒకసారి పట్టుకున్నవాళ్లకి నమ్మబుద్ధేస్తుంది.

రెండో ఏడాది బుద్ధి తెచ్చుకున్నాను. హైదరాబాద్‌లో రాత్రులు చల్లబడేదాకా, అంటే నవంబరు దాకా ఆగాను. దుంపల్ని మూడు నాలుగు గంటలే నానబెట్టాను. ఆ కాసేపటికే ఉబ్బి దాదాపు రెట్టింపయ్యాయి! ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లులున్న ఎనిమిది అంగుళాల కుండీలో నాలుగేసి పెట్టాను. రెండంగుళాల లోతు, దుంపకీ దుంపకీ నాలుగంగుళాల ఎడం. ఏది పైవైపో తెలియకపోతే పక్కకు పడుకోబెట్టినా ఫర్వాలేదు, మొలక తన దారి తనే వెతుక్కుంటుంది. పాతగానే ఒకసారి తడిపి, ఆపైన మట్టి పైపొర ఆరితేనే నీళ్లు. మూడో వారంలో మొలకలొచ్చాయి.

ఇక్కడే ఒక గండం తప్పింది. డిసెంబరులో ఓ పొద్దున అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆ కుండీ ముందు వంగి రెండు రెమ్మలు తుంచబోయింది. లేత ఆకులు చీలికలు చీలికలుగా అచ్చం కొత్తిమీరలా ఉంటాయి మరి! కేకేసి ఆపాను. ఈ మొక్క రసం విషం. చర్మానికి తగిలితే మంట, నోట్లోకి వెళ్తే నోరూ కడుపూ పుండవుతాయి. పిల్లలున్న ఇంట్లో, పెంపుడు జంతువులున్న ఇంట్లో అందనంత ఎత్తులో పెట్టండి. కొత్తిమీర, పుదీనా కుండీల పక్కన అసలే వద్దు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

పాతిన మూడో నెలలో మొగ్గ కనిపించింది. మెడలో ఆకుల పట్టీ వేసుకున్నట్టు పువ్వు కిందే మూడు చీలికల ఆకులు. మొదట మొగ్గ ఆ పట్టీ మీదే కూర్చుని ఉంటుంది. విచ్చుకునేకొద్దీ మధ్యలో కాడ సాగి పువ్వు పైకి లేస్తుంది. పట్టీకీ పువ్వుకీ మధ్య వేలెడు దూరం వచ్చిందంటే కోయడానికి సిద్ధమన్నమాట. పూసిన రోజుతో ఎదుగుదల ఆగిపోదు. సాయంత్రం ముడుచుకుంటుంది, పొద్దున తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడల్లా నిన్నటికంటే కాస్త పెద్దది! నాన్న స్కేలు పెట్టి కొలిచారు. మొదటి రోజు అంగుళంన్నర, ఆరో రోజుకి రెండుంబావు. వాజులో పెట్టాక కూడా కాడ సాగుతూ వెలుగువైపు వంగుతుంది.

పది దుంపల్లో ఆరు పూశాయి. కోస్తా ఉక్కలో ఇది కష్టం. చలికాలం రాత్రులు చల్లగా ఉండే ఊళ్లలోనే ప్రయత్నించండి.

మార్చి చివరికి ఆకులు పసుపెక్కాయి. ''చచ్చిపోయిందమ్మా, తీసేద్దామా?'' అని నాన్న కుండీ ఎత్తబోయారు. నీళ్లు ఆపేసి, ఆకులు పూర్తిగా ఎండాక దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో వేశాను. మన వేడికి రెండో ఏడు పూలు తగ్గుతాయి, కొందరు ప్రతి ఏడాదీ కొత్తవే కొంటారు. అయినా చూద్దామని దాచాను. కవరు వంటింటి అలమరలో పెట్టబోతుంటే నాన్న తీసుకుని, దాని మీద పెద్ద అక్షరాలతో రాశారు... 'శొంఠి కాదు. కషాయంలో వేయొద్దు.' రాసి, వంటింట్లో కాదులే అని తన పుస్తకాల బీరువాలో పెట్టుకున్నారు.