గుర్రం పోయింది, కులం పోలేదు

"అక్కడా పనోళ్ల సందులున్నాయి గదా, మీదొక్కటే బాధా?" అని అడిగే మేధావులకి ఈ నాలుగు మాటలు. లండన్ మ్యూస్ వీధుల్ని చూపించి కులాన్ని వర్గం కింద కప్పెట్టాలని చూసేవాళ్లు మన సభల్లోనూ ఉన్నారు. చదువుకోడానికి పోయిన రెండేళ్లూ ఆ సందుల్లో నేను తిరిగాను. మా అమ్మ ఊడ్చిన సందులో పుట్టి పెరిగాను. రెండూ తెలిసినోణ్ణి చెబుతున్నాను, వినండి.

మ్యూస్ అంటే మొదట రాజుగారి డేగలు ఈకలు రాల్చే కాలంలో వాటిని ఉంచే చోటు. లండన్‌లో చారింగ్ క్రాస్ దగ్గర ఉండేది. 1534లో అది కాలిపోయాక అక్కడ గుర్రాల లాయాలు కట్టారు. డేగలు పోయినా పేరు లాయాలకి మిగిలింది. తర్వాత 18, 19 శతాబ్దాల్లో మేఫెయిర్, బెల్‌గ్రేవియా, కెన్సింగ్టన్‌లలో దొరలు వరసగా మేడలు కట్టుకుని, వాటి వెనక సన్న సందులు విడిచారు. కింద గుర్రాలూ బండ్లూ, పైన బండి తోలేవాళ్ల కుటుంబాలు. రాళ్లు పరిచిన దారి. దొర తోట వైపు గోడకి చాలాచోట్ల కిటికీలే పెట్టలేదు. పనోడి కళ్లు దొరసాని మీద పడకూడదు గదా!

అదీ అన్యాయమే. కాదనను.

మాది విశాఖపట్నం. రెల్లోళ్లం. మా ఊళ్లో పెద్దిళ్ల వెనకా సందుండేది. పాకీ సందు అనేవారు. ముందు వాకిట్లో ముగ్గు, వెనక గోడకి మోకాలెత్తున ఒక కన్నం, దానికో రేకు మూత. మా అమ్మ బూడిద జల్లి, ఆ కన్నంలోంచి రేకుతో గీకి, తట్టకెత్తి నెత్తిన పెట్టుకునేది. వానాకాలం తట్ట కారి మొహం మీదకొచ్చేది. కూలి డబ్బులు చేతికిచ్చేవాళ్లు కాదు, పైనుంచి పడేసేవాళ్లు. దాహమంటే దూరంగా నిలబెట్టి దోసిట్లో పోసేవాళ్లు.

ఇంతవరకూ రెండు సందులూ ఒకటేనంటారా? సరే. తర్వాతేమైంది?

20వ శతాబ్దం మొదట్లో అక్కడ మోటారు కార్లొచ్చాయి. గుర్రాలు పోయాయి. లాయాలు కారు షెడ్లయ్యాయి, షెడ్లు ఇళ్లయ్యాయి. ఫ్రాన్సిస్ బేకన్ అంతటి చిత్రకారుడు 1961 నుంచి 1992లో చనిపోయేదాకా రీస్ మ్యూస్‌లోనే ఉండి బొమ్మలేశాడు. ఇవాళ అలాంటి ఇల్లు కొనాలంటే లక్షల పౌండ్లు కావాలి. బండి తోలడం వాడి పుట్టుకలోనే ఉందని అక్కడ ఏ శాస్త్రమూ రాయలేదు. అక్కడ పేరు చోటుకి అంటింది, మనిషికి అంటలేదు. మనిషి సందు దాటితే పేడ కంపు సందులోనే ఉండిపోయింది.

మా సందులోనూ కన్నాలు మూసేశారు. ఇప్పుడక్కడ స్కూటర్లు పెట్టుకుంటున్నారు. సందు బాగుపడింది. సందు ఊడ్చినోళ్లు బాగుపడ్డారా? పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేశారు. తట్ట పోయి మ్యాన్‌హోల్ వచ్చింది. దిగేది మళ్లీ మావోళ్లే. మురుక్కాలవల్లో ఊపిరాడక చచ్చినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ప్రాణం రేటు పెరిగింది. గొయ్యిలోకి దిగే కులం మాత్రం మారలేదు!

నేను గొయ్యిలోకి దిగలేదు, చదువుకున్నాను. అయితే ఏం? ఉద్యోగమొచ్చాక ఇల్లు అద్దెకడిగితే "మీరేవిట్లు?" అన్నారు. చెప్పాను. ఖాళీ లేదన్నారు. టులెట్ బోర్డు గేటుకి వేలాడుతూనే ఉంది. బండి తోలినోడి మనవణ్ణి అద్దెకి ముందు ఇలా అడుగుతారా?

ఇంకో మాట. ఈ పేరు సముద్రం కూడా దాటింది. బాబాసాహెబ్ 1921-22లో ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంటిని చూసి దండం పెట్టుకున్నాను. అదే లండన్‌లో మనోళ్లు నా ఇంటిపేరు అడిగి తర్వాత మాట్లాడ్డం మానేశారు. వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చాలని అక్కడి పార్లమెంటు 2013లో చట్టం చేస్తే, చేర్చబోమని 2018లో ప్రభుత్వం తేల్చేసింది. దొర వదిలేసిన సందులోకి మన అగ్రకులపోడు కులాన్ని మోసుకుపోయాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పని పోతే కులం దానంతటదే పోతుందని చెప్పేవాళ్లని నమ్మకండి. మా సందులో పని పోయింది, పేరు పోలేదు. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపినోణ్ణి జైల్లో పెట్టమని అడగండి. అద్దె ఇంటి గేటు దగ్గర కులం అడిగినోణ్ణి నలుగురిలో నిలబెట్టి అడగండి. ఇవి జరిగేదాకా లండన్ సందుల కథలు మాకు చెప్పొద్దు.