నిద్రకు విగ్గెందుకు?

"విగ్గు పెట్టుకుని పడుకోవచ్చునా?" అని ఎవరైనా అడిగితే, "ఖరీదైనది కొనుక్కుంటే ఫరవాలేదు" అని తేలిగ్గా సెలవిచ్చే పెద్దమనుషులు ఈమధ్య ఎక్కువయ్యారు. మొన్నొక పెళ్ళిపందిట్లో ఇదే మాట విన్నాను. వాదించబోయి, సందర్భం కాదని ఊరుకున్నాను. ఆ ఊరుకున్నదంతా ఇక్కడ వెళ్ళగక్కుతున్నాను. మిత్రులు మన్నింతురు గాక!

ముందుగా వస్తువు సంగతి. విగ్గంటే సన్నని వలలాంటి టోపీకి వెంట్రుకలను ముడివేసో, వరుసలుగా కుట్టో తయారుచేసినది. తలమీద మొలిచిన జుట్టుకు చర్మంలోంచి ఊరే నూనె అందుతూ ఉంటుంది. టోపీకెక్కిన జుట్టుకు ఆ భాగ్యం లేదు. రాత్రంతా తలగడతో ఒరుసుకుంటే అది చిక్కుపడి, పొడిబారి, ముడులు వదులై రాలిపోతుంది. కృత్రిమపు పోగులైతే మరీ త్వరగా ఉండలు కడతాయి. వస్తువు పోతే పోనివ్వండి, డబ్బు పోస్తే మరొకటి వస్తుంది. కిందనున్న చర్మం మాటేమిటి? చెమట ఆరే దారిలేక కుదుళ్ళు వాచి పొక్కులు లేస్తాయి. క్లిప్పులతో బిగించినచోట, మిగిలివున్న కాసిని వెంట్రుకలూ రాత్రింబవళ్ళు లాగుడు పడుతూనే ఉంటాయి. అది నెలల తరబడి సాగితే కుదుళ్ళు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. బట్టతలను దాచడానికి పెట్టుకున్నదే బట్టతలను పెంచుతుందన్నమాట!

"మరి జిగురుతో అతికించుకుని రోజుల తరబడి ఉంచుకునేవి లేవా?" అని ప్రతివాదులు అడుగుతారు. ఉన్నాయి. మగవాళ్ళు హెయిర్ ప్యాచ్ అన్న పేరుతో పెట్టించుకుంటున్నవాటిలో చాలావరకు అవే. అయితే వాటినీ కొన్ని వారాలకొకసారి విప్పి, జిగురు వదిలించి, చర్మాన్ని శుభ్రం చేసి మళ్ళీ అతికించవలసిందే. ఆ జిగురు పడక దురదలతో బాధపడేవారూ ఉన్నారు. రైల్లో ఒక రాత్రి విగ్గుతోనే కునుకు తీస్తే కొంపలేమీ మునగవని నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరమల్లా అలవాటు మీద, ఆ అలవాటుకు కారణమైన భయం మీద.

మా పిన్నికి కాన్సరు వచ్చి, కీమోథెరపీ మొదలైన మూడోవారానికి జుట్టు గుప్పెళ్ళతో ఊడిపోయింది. విగ్గు కొనిచ్చింది నేనే. "ఎంత మంచివాడివిరా" అని బంధువులు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. ఆ మే నెలంతా ఆవిడ విజయవాడలో మా ఇంట్లోనే ఉంది. ఒక రాత్రి కరెంటు పోయింది. విసనకర్ర తీసుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. విగ్గుతోనే పడుకుని ఉంది. చెవుల పక్కనుంచి చెమట ధారలు కడుతోంది.

"తీసెయ్యరాదూ పిన్నీ" అన్నాను.

"వద్దులేరా నాన్నా, పొద్దున్నే పిల్లలు చూసి జడుసుకుంటారు" అంది. కాసేపాగి, "మొదటిసారి చూసినప్పుడు నువ్వు మాత్రం మొహం తిప్పుకోలేదూ?" అంది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

తిప్పుకున్నాను. ఆ తిప్పుకున్న మొహానికి పరిహారంగానే విగ్గు కొన్నానని ఆ చీకట్లో నాకు తెలిసివచ్చింది.

ఇదే పిన్ని అంతకు రెండేళ్ళ ముందు తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు సమర్పించుకుంది. గుండుకు గంధం పూసుకుని నవ్వుతూ కొండ దిగి, వీధి వీధంతా తిరిగి ప్రసాదం పంచింది. పిల్లలెవరూ జడుసుకోలేదు. మేమెవరమూ మొహం తిప్పుకోలేదు. మొక్కు కింద పోతే పుణ్యం, రోగంతో పోతే అశుభమా? పోయినది ఆ జుట్టే, మిగిలినది ఆ తలే కదా! పైగా కొండమీది తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి, విగ్గులై దేశదేశాల తలలకెక్కుతున్నాయి. ప్రపంచానికి జుట్టును దానం చేసిన జాతికి ఇంట్లో ఒక బోడితలను చూసే ధైర్యం లేకపోయింది.

ఈ పిరికితనానికి పాత వేళ్ళున్నాయి. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించి మూల కూర్చోబెట్టిన ఇళ్ళు మన తాతముత్తాతలవే. కందుకూరి వీరేశలింగం గారు 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి 140 ఏళ్ళు దాటింది. శిరోముండనం పోయింది గాని, ఆడదాని బోడితల కనబడగానే ఉలిక్కిపడే చూపు పోలేదు. ఆ చూపుకు వెరచేవాళ్ళే రాత్రిళ్ళు కూడా విగ్గు తీయరు.

కనుక విగ్గు పెట్టుకునేవారికి నేను చెప్పేది కొంచెమే. పగలు మీ ఇష్టం. రాత్రి తీసి స్టాండుకు తగిలించండి. తల తుడుచుకుని గాలి తగలనివ్వండి. చలిగా ఉంటే మెత్తని నూలుటోపీ చాలు. కీమో ముగిసిన కొన్ని నెలలకు చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది, అంతవరకు చర్మాన్ని కాపాడుకోండి. అసలు చెప్పవలసినదంతా ఆ ఇంట్లో తక్కినవాళ్ళకు. మంచి విగ్గు కొనిచ్చి చేతులు దులుపుకోకండి. అది లేనప్పుడు కూడా ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి మాట్లాడండి.

ఆ రాత్రి పిన్ని విగ్గు తీసింది. నేను విసురుతూ కూర్చున్నాను. తెల్లవారుజామున ఎప్పుడో కరెంటు వచ్చింది. పొద్దున్నే మావాడు లేచి, గుమ్మంలో నిలబడి, ఆవిడ తలకేసి ఒక్కక్షణం తేరిపార చూశాడు.

"చిన్ననాన్నమ్మా, మళ్ళీ తిరుపతి వెళ్ళొచ్చావా? లడ్డూ ఏదీ?" అన్నాడు.