కట్టేసినా ఆగని కంప్యూటరు

మాది ప్రత్తిపాడు. కాకినాడ వైపు ప్రత్తిపాడు కాదండోయ్, గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఉండేది. ఊరు పేరు చెప్పగానే సగం మంది ఆ రెండో ఊరు అనుకుంటారు, అందుకని ముందే చెప్పేస్తున్నా. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పని చేస్తాను. నాన్న లెక్కల మేష్టారుగా రిటైరయ్యి, ఉన్న నాలుగెకరాల్లో రెండెకరాలు మిరప, మిగతాది పత్తి వేయిస్తుంటారు. ఇదంతా ఎందుకంటే, ఈ టపాలో తప్పు నాది, శిక్ష ఆయనది.

నాన్న దగ్గర నా పాత ల్యాప్‌టాప్ ఒకటుంది. దాని మీద 2023లో డెబియన్ 12 వేసి ఇచ్చాను. కోత కూలీల లెక్క, ఎరువుల ఖర్చు, పురుగుమందుల కొట్టు బాకీ, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలు ఎన్ని, అన్నీ అందులోనే. లిబ్రే ఆఫీసులో పట్టికలు వేసి, కింద కూడికలు పెట్టి, మళ్ళీ నోటితో కూడి సరిచూసుకుంటారు. కంప్యూటర్ని నమ్మకపోవడం కాదు, లెక్కల మేష్టారి అలవాటు.

2025 ఆగస్టు 9న డెబియన్ 13 వచ్చింది. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నా చెయ్యి ఊరుకోలేదు. నిజానికి 12తో ఆయనకి ఏ ఇబ్బందీ లేదు. దానికి 2028 జూన్ దాకా భద్రతా సవరణలు వస్తాయి కూడా. కొత్తది వచ్చింది కాబట్టి ఎక్కించాలి, అంతే. దీన్ని మా వాళ్ళు "అప్‌గ్రేడ్" అంటారు, మా అమ్మ "దురద" అంటుంది. రాత్రి పదింటికి బస్సు. సాయంత్రం ఆరింటికి మొదలెట్టాను. తొమ్మిదింటికి అయిపోయింది. ఓసారి రీస్టార్ట్ చేశా, డెస్క్‌టాప్ వచ్చింది, నాన్న పట్టిక తెరుచుకుంది. ఎలాగూ చేస్తున్నా కదా అని, కంప్యూటరు కట్టేసే ముందు ఆ ఫైళ్ళన్నీ నా మెషీనుకి పంపే చిన్న బ్యాకప్ స్క్రిప్టు కూడా రాసిపెట్టా. సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేశా. గమనించారా? షట్‌డౌన్ మాత్రం చేసి చూడలేదు. ఎవడు చూస్తాడు చెప్పండి!

తర్వాత మూడు నెలలు ఇంటి నుంచి కంప్యూటరు ఊసే లేదు. బాగా నడుస్తోంది కాబోలనుకున్నా. సంక్రాంతికి వెళ్తే నాన్న ముందు పాత పొడుగు నోటుబుక్కు ఉంది. కోతల లెక్క అందులో రాస్తున్నారు. "అదేంటి నాన్నా?" అంటే, "ఏం లేదురా, కళ్ళు లాగుతున్నాయి" అన్నారు. అసలు సంగతి అమ్మ చెప్పింది. "ఆ డబ్బా బీరువాలో పెడితే పొయ్యిలా కాలిపోతోందిరా. పొద్దున తీస్తే ఛార్జింగు ఉండదు. మీ నాన్న తనే ఏదో నొక్కి పాడుచేశానని నీకు చెప్పొద్దన్నారు."

నాకు అక్కడ తగిలింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, నేను చెడగొట్టిన యంత్రాన్ని తను చెడగొట్టాననుకుని మూడు నెలలు నోరెత్తలేదు. బట్టల మధ్య, మూసిన బీరువాలో, కట్టేశాననుకున్న ల్యాప్‌టాప్ తెల్లవార్లూ కాలుతూ ఉంది. లిథియం బ్యాటరీ అది. ఏమైనా జరిగి ఉంటే?

సరే, కూర్చున్నాం ఇద్దరం. నాన్న షట్‌డౌన్ నొక్కారు. నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది, "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని. పక్కన సెకన్లు పరిగెడుతున్నాయి. నాన్న కళ్ళజోడు సవరించుకుని "ఇదేం భాషరా? ఆగే పని నడుస్తోందట. ఆగిందా, నడుస్తోందా?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నా, ఆ వాక్యం అంత అసందర్భంగా ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

దాని అర్థం ఇది. షట్‌డౌన్ అంటే స్విచ్చి కాదు, అర్జీ. పాతకాలం మెషీన్లకి లైటు స్విచ్చిలాగే నిజమైన స్విచ్చి ఉండేది. విండోస్ 95 అయితే "ఇక ఆపుకోవచ్చు" అని తెర మీద రాసి ఊరుకునేది, ఆపడం మన పని. 1995లో ఏటీఎక్స్ పవర్ సప్లై, 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన ఏసీపీఐ ప్రమాణం వచ్చాక, కరెంటు ఆపే పని కూడా సాఫ్ట్‌వేరు చేతికెళ్ళింది. ఇప్పుడది సాయంత్రం మిరపకల్లం మూసినట్టుంటుంది. ముందు కూలీలు వెళ్ళాలి, తర్వాత కాయలు పోగేసి మంచుకి తడవకుండా పట్టా కప్పాలి, చివర్న లైటు కట్టెయ్యాలి. మధ్యలో ఎవరో ఒకరు "ఒక్క నిమిషం" అంటే అందరూ ఆగాల్సిందే. లినక్సులో సిస్టమ్‌డీ అనే మేస్త్రీ అలా అన్నవాడికి మామూలుగా 90 సెకన్లు గడువిస్తాడు. అప్పటికీ కదలకపోతే మెడపట్టి గెంటేస్తాడు.

ఆ "ఒక్క నిమిషం" అంటున్నది ఎవరో కాదు, నా బ్యాకప్ స్క్రిప్టే! హైదరాబాదులో నా మెషీను ఆపేసి ఉంటే, అది దొరికేదాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించమని రాశా. ఆగమన్న మాట చెవిన పెట్టకుండా అది తిరుగుతూనే ఉంది. తీసిపారేశా. ఒకే సాయంత్రం రెండు మార్పులు చెయ్యకూడదని ఆఫీసులో జూనియర్లకి పాఠాలు చెప్తుంటాను లెండి.

అయినా తెగలేదు. ఈసారి గడియారం రాలేదు గానీ, పవర్ ఆఫ్ దశకి చేరానని చెప్పి తెర నల్లబడింది. దీపం వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాన్నని బీరువా దాకా మోసం చేసింది ఇదే. తెర ఆరిపోతే కంప్యూటరు ఆరిపోయిందనే కదా ఎవరైనా అనుకునేది?

ఇక్కడ లాగులు చూసి లాభం లేదు. జర్నల్ తెరిస్తే అంతా శుభ్రంగా ముగిసినట్టే ఉంది. ఎందుకంటే లాగు రాసే గుమాస్తా అప్పటికే చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు, గొడవ ఆ తర్వాత జరిగింది. కాబట్టి మిగిలింది పాత పద్ధతి, ఒక్కొక్కటీ మార్చి చూడటం. డెబియన్ అప్‌గ్రేడ్ చేసినా పాత కెర్నలుని వెంటనే పీకెయ్యదు. మెషీను లేచేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కిందకెళ్ళి పాత 6.1 కెర్నలుతో లేపా. షట్‌డౌన్ కొడితే చక్కగా ఆగింది. కొత్త 6.12తో ఆగడం లేదు. అంటే హార్డువేరు బాగానే ఉంది, నాన్న ఏమీ నొక్కలేదు. ఆ మాట అప్పుడే గట్టిగా చెప్పా. "మరి ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నది అమ్మ. దానికి సమాధానం లేదు.

తర్వాత కొత్త కెర్నలుతోనే, బొమ్మల తెర రాకుండా ఉత్త అక్షరాల తెరలోకి, గ్రాఫిక్స్ డ్రైవర్లు ఎక్కకుండా లేపి చూశా. ఆగింది. ఇక దొంగ దొరికినట్టే. ఆ ల్యాప్‌టాపులో ప్రాసెసర్లోదిగాక, ఆటల కోసం ఇంకో గ్రాఫిక్స్ చిప్పుంది. దాని డ్రైవరు చివరి నిమిషంలో చిప్పుని నిద్రపుచ్చబోయి తనే ఇరుక్కుపోతోంది. నాన్న ఆటలు ఆడరు. ఆ డ్రైవర్ని బ్లాక్‌లిస్టులో పెట్టేశా. అయినా ఆగలేదు! పావుగంట జుట్టు పీక్కున్నాక గుర్తొచ్చింది, బ్లాక్‌లిస్టులో రాసాక ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని కూడా కొత్తగా తయారు చెయ్యాలని. అది చేస్తే దీపం, ఫ్యాను రెండూ పోయాయి. డ్రైవరు లేకపోతే ఆ చిప్పు నిద్రపోక కాస్త బ్యాటరీ తినొచ్చు. బయోస్‌లో దాన్ని పూర్తిగా ఆపే వీలుంటే అదే మంచిది, ఈ మోడల్లో లేదు.

మీ మెషీనుకీ ఇలాగే అయితే భయపడకండి. తెర మీద పవర్ ఆఫ్ దశ దాకా వచ్చి నిలిచిపోతే అప్పటికి డిస్కు సర్దుకుని ఉంటుంది, బటను నాలుగైదు సెకన్లు నొక్కిపట్టి ఆపేస్తే ఫైళ్ళకి మామూలుగా ఏమీ కాదు. అంతకు ముందే, గడియారం తిరుగుతుండగా నొక్కితేనే ప్రమాదం. విండోస్ వాళ్ళయితే 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌ని ముందు అనుమానించండి. అది ఉన్నంతసేపు షట్‌డౌన్ అంటే సగం నిద్రే. షిఫ్టు పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే అసలైన షట్‌డౌన్ అవుతుంది.

లినక్సు కదా, ఇంతే అనకండి. ఆ సంక్రాంతి వారంలోనే, 2026 జనవరి 13న వచ్చిన అప్‌డేట్ తర్వాత విండోస్ 11 23హెచ్2 మెషీన్లు కొన్ని, సెక్యూర్ లాంచ్ ఉన్నవి, షట్‌డౌన్ అంటే రీస్టార్ట్ అవడం మొదలెట్టాయి. మైక్రోసాఫ్ట్ నాలుగు రోజుల్లో సవరణ ఇచ్చింది. ఈలోపు కమాండు టైపు చేసి ఆపుకోమన్నది. మా నాన్నలాంటివాళ్ళకి ఆ సలహా ఎలా చేరుతుంది? ఇంకా వెనక్కి వెళ్తే, విండోస్ విస్టా షట్‌డౌన్ మెనూ మీద ఏడాది పనిచేసిన మొయిషే లెట్‌విన్ 2006లో లెక్కగట్టాడు, ఆ చిన్న మెనూ విషయంలో మాట చెల్లేవాళ్ళు 43 మంది అని. నలభై ముగ్గురున్నా, కట్టేశాక నిజంగా ఆగిందా లేదా అని వాడేవాడికి చెప్పే బాధ్యత మాత్రం ఎవరికీ లేదనిపిస్తుంది నాకు.

మనం లేపడం మీద పెట్టిన శ్రద్ధ ఆపడం మీద పెట్టం. ఎన్ని సెకన్లలో లేచిందో గొప్పగా చెప్పుకుంటాం. ఆగకపోతే "బటను నొక్కిపట్టండి" అని తేలిగ్గా అనేస్తాం. వాడే మనిషికి మాత్రం ఆ బటను నొక్కిపట్టడం అంటే గొంతు నులిమినట్టే, తప్పు చేస్తున్న భావన. నాన్న ఆ భయంతోనే నొక్కకుండా బీరువాలో పెట్టారు.

కనుమ రోజు నోటుబుక్కులో లెక్కలన్నీ నాన్న చదువుతుంటే నేను పట్టికలోకి ఎక్కించా. రెండు గంటలు పట్టింది. ఒకచోట కూలీ రెండుసార్లు రాసినట్టు ఆయనే పట్టుకున్నారు. అయ్యాక షట్‌డౌన్ నొక్కి, మూత వేసి, ల్యాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టి కాసేపు చూశారు, జ్వరం చూసినట్టు.

"ఆగిందిరా" అన్నారు. బీరువాలో మాత్రం పెట్టలేదు. బల్ల మీదే ఉంచారు, పక్కనే నోటుబుక్కు.